కవగోయే: ఒకే వీధిలో రెండుసార్లు నడవాల్సిన ఊరు

టోక్యోలో ఉంటున్న మనవాళ్లలో, దగ్గర్లోనే ఉన్న పాత వ్యాపారుల ఊరు కవగోయే వెళ్లిరాని వాళ్లు తక్కువే. "ఎలా ఉందండీ?" అని అడిగితే మాత్రం అందరూ చెప్పేది ఇంచుమించు ఒకటే: పాత ఇళ్లున్నాయి, చిలగడదుంప ఐస్‌క్రీం తిన్నాం, జనం కిక్కిరిసిపోయారు. నేనూ మొదటిసారి అంతే. ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి దిగి, జనంతో పాటు కొట్టుకుపోయి, గంట స్తంభం ముందు ఫొటో దిగి, ఏదో తిని, మూడింటికల్లా తిరుగు రైలెక్కేశాను. ఇంటికొచ్చి ఫొటోలు చూసుకుంటే సగం వాటిలో ఎవరెవరివో తలకాయలు, మిగతా సగంలో నా తలకాయ. ఊరు ఎక్కడా లేదు.

తర్వాత అమ్మా నాన్నా ఇండియా నుంచి వచ్చినప్పుడు మళ్లీ వెళ్లాను. అమ్మకి మోకాళ్ల నొప్పి, ప్రతి వంద అడుగులకీ ఎక్కడో ఒకచోట కూర్చోవాలి. అలా ఒక కొట్టు ముందు బల్ల మీద కూర్చుని ఎదురుగా పైకి చూస్తూ, "ఒరే, ఆ మేడ మీద కిటికీకి అంత లావు తలుపులేంట్రా, లోపల బంగారం గానీ దాచారా?" అంది. నాకు జవాబు తెలీదు. తెలీకపోవడం సంగతి అటుంచి, ఆ తలుపులు అక్కడున్నాయన్న సంగతే నేను అప్పటిదాకా గమనించలేదు.

ఆ ప్రశ్న పట్టుకుని తర్వాత నాలుగైదుసార్లు వెళ్లాను. ఇప్పుడు ఎవరైనా కవగోయే ఎలా చూడాలి అని అడిగితే నేను చెప్పేది ఒక్క మాట: ఇచిబన్‌గాయ్ అనే ఆ పెద్ద వీధిలో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నడవండి. ఎందుకో కింద చెప్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు నిప్పు సంగతి

ఈ ఊరు అర్థం కావాలంటే ఒక్క తేదీ తెలిస్తే చాలు. 1893 మార్చి 17. ఆ రోజు లేచిన మంటల్లో కవగోయేలో 1300కి పైగా ఇళ్లు కాలిపోయాయి, అంటే ఊళ్లో మూడోవంతు పైనే. కొయ్య ఇళ్లు, పైగా వసంతకాలం గాలి, ఇక ఆపేదెవరు. మంటలు చల్లారాక వ్యాపారులు చూసుకుంటే బూడిదలో నిలబడి ఉన్నవి కొన్నే, అవి కురాలు. కురా అంటే సరుకు దాచుకునే గిడ్డంగి, మన గాదె లాంటిదనుకోండి, కాకపోతే ధాన్యానికే కాదు, బట్టలు, పత్రాలు, విలువైన సామాన్లు అన్నిటికీ. వెదురు, కొయ్య చట్రం మీద మట్టి పొరలు పొరలుగా మెత్తి, అడుగు మందం దాకా గోడ లేపి, పైన సున్నం గార చేస్తారు. మామూలుగా ఇది ఇంటి వెనకాల పెరట్లో ఉంటుంది.

కవగోయే వ్యాపారులు చేసిందేమిటంటే, పెరట్లో ఉండాల్సిన గిడ్డంగిని వీధి మీదికి తెచ్చారు. కొట్టునే గిడ్డంగిలా కట్టేశారు. ఈ పద్ధతిని కురాజుకురి అంటారు. అప్పటికే టోక్యోలో నిహోన్‌బాషి దగ్గర పెద్ద వ్యాపారులు ఇలాగే కట్టుకుని ఉన్నారు, వాళ్లతో వీళ్లకి రోజూ లావాదేవీలు కాబట్టి ఎలా కట్టాలో, ఎవరితో కట్టించాలో తెలుసు. విచిత్రం ఏంటంటే టోక్యోలో ఉన్నవి 1923 భూకంపంలోనూ, ఆ తర్వాత యుద్ధంలో బాంబుల కిందా పోయాయి. వాటిని చూసి కట్టిన ఇవి మాత్రం మిగిలాయి. అసలు టోక్యో ఎలా ఉండేదో చూడాలంటే ఇప్పుడు టోక్యో వదిలి ఇక్కడికి రావాలి. ఈ ఊరికి "చిన్న ఎదో" అనే ముద్దుపేరు ఉంది, ఎదో అంటే టోక్యో పాత పేరు.

అంటే మీరు వీధిలో చూసేవాటిలో ఎక్కువ భాగం 1893 తర్వాత కట్టినవే, సమురాయిల కాలం నాటివి కావు. ఇది తెలియక "ఐదు వందల ఏళ్ల ఊరు" అని పిల్లలకి చెప్పేవాళ్లని చూశాను. నిజంగా పాతది ఒకటుంది, ఓసావా వారి ఇల్లు. 1792లో ఒక బట్టల వ్యాపారి కట్టించింది, పెద్ద మంటల్లో కాలకుండా నిలబడింది, తక్కినవాళ్లకి ధైర్యం ఇచ్చింది ఇదే. దాన్ని చూసే మిగతా వీధి లేచింది అనుకోవచ్చు.

ఎలా వెళ్లాలి, ఎప్పుడు వెళ్లాలి

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఈ ఊళ్లో దగ్గరదగ్గరగా మూడు స్టేషన్లు: కవగోయే, కవగోయే-షి, హోన్‌కవగోయే. ఫోన్‌లో "కవగోయే" అని కొడితే మొదటిదానికి తీసుకుపోతుంది. అక్కడ దిగితే పాత వీధికి ఇరవై నిమిషాల పైనే నడవాలి, అదీ ఏ ఊళ్లోనైనా ఉండే మామూలు షాపింగ్ వీధి గుండా. హోన్‌కవగోయేలో దిగితే పది, పదిహేను నిమిషాలు. కాబట్టి వీలైతే సెయిబు షింజుకు లైను పట్టుకోండి.

టోక్యోలో మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషికసాయ్ చుట్టుపక్కల వాళ్లకి ఇది ఇంకా సులువు. తోజాయ్ లైను ఎక్కి తకదనోబాబాలో దిగి, అక్కడే సెయిబు లైనుకి మారితే తిన్నగా హోన్‌కవగోయే. మొత్తం గంటన్నర వేసుకోండి. ఇకెబుకురో దగ్గరుంటే తోబు తోజో లైను ఎక్స్‌ప్రెస్‌లో అరగంటే, కానీ ఆ మిగిలిన సమయం నడకలో పోతుంది. ఏది మేలో మీ కాళ్లని బట్టి చూసుకోండి.

వారం రోజుల్లో సెలవు పెట్టుకోగలిగితే అంతకన్నా కావాల్సింది లేదు, సోమవారం తప్ప. నేను ఎంతో తెలివిగా సోమవారం సెలవు పెట్టుకుని వెళ్తే కోట లోపలి భవనమూ, ఊరి మ్యూజియమూ రెండూ మూసి ఉన్నాయి. శని, ఆదివారాల్లోనే కుదురుతుందంటే తొమ్మిదింటికల్లా అక్కడుండండి. ఆ మాట చెప్పగానే "తొమ్మిదింటికి కొట్లు తెరవరు కదా" అంటారు. తెరవరు. అందుకే వెళ్లమంటున్నా.

పొద్దున నడక: ఎదుటి వరస చూడండి

హోన్‌కవగోయే నుంచి ఉత్తరం వైపు నడుస్తూ, తిన్నగా పెద్ద రోడ్డు పట్టకుండా తైషో రోమన్ వీధి మీదుగా వెళ్లండి. 1910ల, 20ల నాటి పాశ్చాత్య ధోరణి ముఖద్వారాలతో కొట్లుంటాయి, వసంతంలో అయితే తల మీద చేప బొమ్మల జెండాలు వరసగా ఎగురుతుంటాయి. ఇక్కడ ఎక్కువసేపు ఆగక్కర్లేదు. నకచో కూడలి దాటగానే ఇచిబన్‌గాయ్ మొదలవుతుంది, అక్కడి నుంచి పైన ఫుదనోత్సుజి కూడలి దాకా అర కిలోమీటరు కూడా ఉండదు.

ఈ వీధి దక్షిణం నుంచి ఉత్తరానికి ఉంది. పొద్దున ఎండ తూర్పు నుంచి వస్తుంది కాబట్టి పడమటి వరస ఇళ్ల ముఖాల మీద పడుతుంది, సాయంత్రం తూర్పు వరస మీద. రెండుసార్లు నడవమన్నది ఇందుకే. పొద్దున మీరు తూర్పు వైపు పేవ్‌మెంట్ మీద, అంటే వెళ్తుంటే కుడి చేతి వైపు నడుస్తూ, ఎదురుగా ఉన్న ఎడమ వరసని చూడాలి. మీరు నడుస్తున్న వైపు ఇళ్లు ఎలాగూ కనపడవు, చూరు కిందే ఉంటారు కాబట్టి కొట్టులో సరుకే కనపడుతుంది. జనం చేసే పొరపాటే ఇది, ఏ వరస పక్కన నడుస్తున్నారో ఆ వరసనే చూస్తారు, చూసి కీచెయిన్లు కొనుక్కుంటారు.

ఒక జాగ్రత్త. ఇది కార్లు రాని వీధి అనుకోకండి, కార్లూ బస్సులూ రెండు వైపులా తిరుగుతూనే ఉంటాయి, పేవ్‌మెంట్ ఇరుకు. ఫొటో కోసం వెనక్కి వెనక్కి నడుస్తూ రోడ్డు మీదికి దిగేవాళ్లని చూస్తే నాకు గుండె ఝల్లుమంటుంది. పిల్లలుంటే చెయ్యి వదలొద్దు.

ఇప్పుడు ఎక్కడ చూడాలో చెప్తాను. కింది నుంచి కాదు, పైనుంచి మొదలుపెట్టండి.

కప్పు మీద నడికొప్పు చూడండి. అది మామూలు ఇంటి కొప్పులా సన్నగా ఉండదు, పెద్ద పెట్టె బోర్లించినట్టు ఎత్తుగా కట్టి ఉంటుంది, రెండు కొసల్లో రాక్షసి ముఖపు పెంకులు, వాటి వెనక గోడలా లేపిన నల్లటి గార దిమ్మె. మంటని ఆపడానికి ఇంత ఎత్తు కొప్పు అక్కర్లేదు. ఇది పూర్తిగా దర్జా కోసం. పక్కింటివాడి కన్నా నాది ఒక జానెడు ఎత్తు ఉండాలి, అంతే. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి కొప్పులు పోల్చుకుంటూ నడిస్తే ఆ రోజుల్లో ఎవరి చేతిలో డబ్బు ఆడేదో అంచనా వేయొచ్చు. నాకు ఈ వీధిలో అన్నిటికంటే సరదా అయిన ఆట ఇదే.

కాస్త కిందికి వస్తే మేడ కిటికీలు. అమ్మ అడిగిన తలుపులు ఇవే. వాటి అంచు మెట్లు మెట్లుగా ఉంటుంది చూడండి, ఒక రెక్క మెట్లు రెండో రెక్క మెట్లలో, చట్రం మెట్లలో సరిగ్గా కూర్చుంటాయి, బ్యాంకు లాకరు తలుపులాగే. మంట వస్తోందని తెలియగానే ఇవి మూసి, మిగిలిన సందుల్ని ముందే కలిపి సిద్ధంగా పెట్టుకున్న మట్టితో మెత్తేసేవారు, గాలి దూరదు కాబట్టి నిప్పు దూరదు. లోపల బంగారం ఉందో లేదో గానీ తలుపు పని మాత్రం అదే. ఈ రకం తలుపుల్ని కన్నోన్ తలుపులంటారు, గుళ్లో కన్నోన్ బోధిసత్వుడి మందిరానికి ఉండే జంట రెక్కల్లా తెరుచుకుంటాయి కాబట్టి. కొన్ని ఇళ్లలో ఆ తలుపులు తెరిచినప్పుడు కిటికీ కన్నా తలుపులే ఎక్కువ జాగా ఆక్రమిస్తాయి, అంత లావు.

తర్వాత రంగు. జపాన్‌లో చాలాచోట్ల గిడ్డంగులు తెల్లగా ఉంటాయి. ఇక్కడ చాలామటుకు నల్లన. సున్నంలో మసి కలిపి పూసి, చేత్తో రుద్ది రుద్ది మెరుగు పెట్టిన నలుపు అది, తెల్లదానికన్నా ఖర్చూ శ్రమా ఎక్కువ. ఎదో వ్యాపారుల సోకు ఇది. పొద్దున ఏటవాలు ఎండలో ఆ నలుపు మీద ఎదుటి ఇంటి నీడ కనపడుతుంది, మధ్యాహ్నం వెళ్తే వట్టి నల్లగోడే.

చూరు కింద కూడా చూడండి, దూలాల చివర్లని ఎక్కడా బయటికి కనపడనివ్వలేదు, అన్నిటినీ గారతో కప్పేశారు. కొయ్య కనపడితే నిప్పు అంటుకుంటుంది. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే మొత్తం ఇల్లు చదవొచ్చు: ఎక్కడ కొయ్య దాచారు, ఎక్కడ దాచలేదు. కింద కొట్టు భాగంలో దాచలేదు, ఎందుకంటే అక్కడ పగలంతా తెరిచి ఉండాలి, బేరం సాగాలి.

ఇంటి వెడల్పుకి లోతుకి సంబంధం లేదని కూడా గమనిస్తారు. వీధి వైపు ముఖం చిన్నది, లోపలికి పొడుగ్గా సాగిపోతుంది. ముందు కొట్టు, వెనక కాపురం, మధ్యలో చిన్న ఆరుబయలు, ఆ వెనక అసలు గిడ్డంగి. ఏదైనా కొట్టుకి వెనక కాఫీ గదో, చిన్న బొమ్మల గదో ఉందని బోర్డు కనపడితే వదలకండి, ఆ సాకుతో లోపలి దాకా నడిచి చూడొచ్చు. 1783లో మొదలైన కామెయా అనే మిఠాయి దుకాణం వాళ్ల పాత గిడ్డంగుల్లో యమజాకి ఆర్ట్ మ్యూజియం ఉంది, హషిమోతో గహో చిత్రాలుంటాయి. బొమ్మల మీద ఆసక్తి లేకపోయినా గిడ్డంగి లోపలికి అడుగుపెట్టడానికి టికెట్ పెట్టొచ్చు.

ఇన్ని నల్ల ఇళ్ల మధ్య తెల్లగా, పైన గుమ్మటంతో ఒక పాత బ్యాంకు భవనం నిలబడి ఉంటుంది, 1918 నాటిది. చాలామందికి అది అతకనట్టు అనిపిస్తుంది. నాకైతే సరిగ్గా అతికినట్టే ఉంటుంది, పాతికేళ్లలో ఆ వ్యాపారులకి దర్జా అంటే ఏంటో ఎంత మారిపోయిందో ఆ ఒక్క భవనం చెప్తుంది.

ఇంకొకటి, పైకి చూస్తున్నప్పుడు ఏదో లేదనిపిస్తుంది. కరెంటు తీగలు. జపాన్ వీధుల్లో ఎక్కడ చూసినా తీగలే, ఇక్కడ 1990ల మొదట్లోనే భూమిలోకి దింపేశారు. అసలు ఈ వీధి బతికిందే ఒకరకంగా నిర్లక్ష్యం వల్ల. రైళ్లు ఊరికి దక్షిణాన వచ్చాయి, వ్యాపారం అటు జరిగిపోయింది, పాత వీధి పడకేసింది, కూల్చి కొత్తవి కట్టేంత డబ్బు ఎవరికీ రాలేదు. తర్వాత కొన్ని పాత ఇళ్లు పోయి అపార్ట్‌మెంట్లు లేవడం మొదలయ్యాక 1983లో ఊరివాళ్లే కురా నో కాయ్ అని సంఘం పెట్టుకుని, ఏది ఎలా బాగుచేసుకోవాలో వాళ్లలో వాళ్లు నియమాలు రాసుకున్నారు. ప్రభుత్వం దీన్ని రక్షిత ప్రాంతంగా గుర్తించింది 1999లో.

గంట స్తంభం తూర్పు వైపు సందులో ఉంది, తోకి నో కానే అంటారు. మూడంతస్తుల కొయ్య నిర్మాణం, 16 మీటర్ల ఎత్తు. మొదట 17వ శతాబ్దంలో కట్టింది కాలిపోతూ, మళ్లీ కడుతూ వచ్చి ఇప్పుడున్నది నాలుగోది, పెద్ద మంటల మరుసటి ఏడాదే లేపారు. రోజుకి నాలుగుసార్లు మోగుతుంది: పొద్దున ఆరు, మధ్యాహ్నం పన్నెండు, మూడు, సాయంత్రం ఆరు. ఇప్పుడు యంత్రమే కొడుతుంది, మనిషి లేడు, అయినా వినాల్సిందే. పన్నెండింటికీ మూడింటికీ దాని కింద ఇసుక వేస్తే రాలనంత జనం, ఫోన్లు పైకెత్తి నిలబడతారు. సాయంత్రం ఆరుకి రండి.

వీధి ఉత్తరం కొసన ఫుదనోత్సుజి. పాతకాలంలో ప్రభుత్వ ఆజ్ఞలు చెక్క పలకల మీద రాసి నిలబెట్టే కూడలి, పేరు అందుకే వచ్చింది. దండోరా వేసే రచ్చబండ అనుకోండి.

మిఠాయి సందు, దుంపలు, శాకాహారుల గొడవ

ఫుదనోత్సుజి నుంచి పడమటికి తిరిగితే కషియా యోకోచో, మిఠాయి సందు. పది, పదిన్నరకి వెళ్తే కొట్లు అప్పుడే తెరుస్తుంటారు, పాకం వాసన సందంతా ఉంటుంది, పర్యావరణ శాఖ దేశంలో కాపాడుకోవాల్సిన నూరు సువాసనల జాబితాలో ఈ సందుని చేర్చింది మరి. 1923 భూకంపంలో టోక్యో మిఠాయి తయారీదారులు దెబ్బతింటే సరుకు ఇక్కడి నుంచి వెళ్లింది, ఒకప్పుడు డెబ్భై దాకా కొట్లు ఉండేవి, ఇప్పుడు ఇరవై చిల్లర. మీటరుకి కాస్త తక్కువ పొడుగుండే ఫుగషి అని ఒకటి అమ్ముతారు, గోధుమ జిగురుతో చేసి నల్లబెల్లం పూసింది, పిల్లలు దాన్ని కత్తిలా పట్టుకుని తిరుగుతారు. చిల్లర నాణేలు దగ్గర పెట్టుకోండి, ఇక్కడ పది, ఇరవై యెన్‌ల బేరాలు ఉంటాయి.

చిలగడదుంప ఈ ఊరి దేవుడు. మన రాయలసీమవాళ్లు గెనుసుగడ్డ అనేది, తెలంగాణలో కందగడ్డ, మోరంగడ్డ అనేది, శివరాత్రి ఉపవాసానికి ఉడకబెట్టుకునేది. చుట్టుపక్కల మెట్టభూముల్లో పండిన దుంపలు షింగషి నది మీద పడవల్లో ఎదోకి వెళ్లేవి. అక్కడ కాల్చిన దుంపలు అమ్మేవాళ్లు ఒక మాట వాడేవారు, "పదమూడు రి". రి అంటే దాదాపు నాలుగు కిలోమీటర్ల పాత కొలత. జపనీస్‌లో కురి అంటే చెస్ట్‌నట్ గింజ, తొమ్మిది రి అని కూడా అర్థం. యొరి అంటే "దానికన్నా", నాలుగు రి అని కూడా. "కురి యొరి ఉమాయ్", చెస్ట్‌నట్ కన్నా రుచి. తొమ్మిదీ నాలుగూ పదమూడు. ఎదో నుంచి కవగోయే దూరం కూడా పదమూడు రి. మన అవధానులు కూడా మెచ్చుకునే శ్లేష ఇది. అక్టోబరు 13ని చిలగడదుంప రోజుగా పెట్టుకున్నారు కూడా.

కాల్చిన దుంప, పొడుగ్గా కోసి వేయించిన చిప్స్, ఎర్ర చిక్కుడు ముద్దతో దుంప ముక్క పెట్టి ఆవిరి మీద ఉడికించిన బన్ను, ఇవి శాకాహారులు కూడా నిశ్చింతగా తినొచ్చు, ఒకసారి అడిగి తీసుకుంటే సరి. సోయా సాస్ పూసి కాల్చే దంగో ఉండలు కూడా సాధారణంగా పర్లేదు. టెన్షన్ అంతా భోజనం దగ్గరే. సోబా, ఉదోన్ నూడిల్స్ చూడ్డానికి శాకాహారంలా ఉంటాయి, పులుసు మాత్రం దాషి, అంటే ఎండు చేపల రసం. "నికు లేదు" అంటే మాంసం లేదనే అర్థం, చేప సంగతి వేరే అడగాలి. ఈ ఊరి పేరుపడ్డ భోజనమే ఉనగి, పాము లాంటి చేప. మా ఇంట్లో వాళ్లతో వెళ్లినప్పుడు నేను పులిహోర డబ్బా పట్టుకెళ్లాను, సిగ్గేం లేదు.

తిండి చేత్తో పట్టుకుని నడుస్తూ తినొద్దు, ఇరుకు పేవ్‌మెంట్ మీద ఎదుటివాళ్ల కిమోనోకి సాస్ అంటితే మీరే బాధపడతారు. కొన్న కొట్టు ముందే నిలబడి తిని, చెత్త వాళ్లకే ఇచ్చేయండి. వీధిలో చెత్తడబ్బాలు వెతికినా దొరకవు, ఒక సంచి జేబులో ఉంచుకోండి. కిమోనో మాట వచ్చింది కాబట్టి, అద్దెకి కట్టుకుని తిరగడం ఇక్కడ బాగా నడుస్తుంది, ఫొటోలకి అందమే. కాకపోతే ఆ చెప్పుల మీద నేను కింద చెప్పబోయే చుట్టు తిరగలేరు, వీధి వరకే పెట్టుకోండి.

జనం వచ్చే వేళకి మీరు వెళ్లిపోండి

పదకొండు దాటాక ఇచిబన్‌గాయ్ నిండిపోతుంది. అప్పుడు మీరు తూర్పు వైపు పెద్ద చుట్టు తిరగాలి: మిఠాయి సందు నుంచి హికావా గుడి, అక్కడి నుంచి కోట, అక్కడి నుంచి కితాయిన్, మళ్లీ వీధికి. పొద్దున నడకతో కలిపి ఆరేడు కిలోమీటర్లు అవుతుంది. లూప్ బస్సులున్నాయి గానీ శని, ఆదివారాల్లో అవి కూడా అదే వీధి ట్రాఫిక్‌లో ఇరుక్కుంటాయి. పెద్దవాళ్లు ఉంటే హికావా, కోట వదిలేసి కితాయిన్‌కి టాక్సీ ఎక్కేయండి. మేం అదే చేశాం.

హికావా గుడి వేసవిలో గాలి గంటలు వేలాడదీసినప్పుడు బాగుంటుంది, మిగతా రోజుల్లో వెనక నది ఒడ్డు ప్రశాంతంగా ఉంటుంది. కోట అంటే ఎత్తైన బురుజులు ఊహించుకోకండి, మిగిలింది 1848 నాటి లోపలి భవనం, చాపల గదులు, పొడుగాటి వసారా. అరగంట చాలు.

కితాయిన్‌కి మాత్రం గంటన్నర ఇవ్వండి. 1638లో ఈ గుడి కాలిపోతే మూడో షోగున్, అంటే అప్పట్లో దేశాన్ని ఏలే సైన్యాధిపతి, ఇయెమిత్సు తన ఎదో కోటలోని గదుల్నే విప్పించి ఇక్కడికి పంపించి కట్టించాడు. ఆయన పుట్టిన గది అని చెప్పే గది వాటిలోనే ఉంది. ఎదో కోట తర్వాత కాలిపోయింది, విప్పి పంపినవి మాత్రం ఇక్కడ భద్రంగా ఉన్నాయి. ఆ సామాను తేవడానికి వాడిన షింగషి నది దారే తర్వాత దుంపల పడవల దారి అయిందంటారు, ఊరి వ్యాపారానికి అదే పునాది. లోపల చెప్పులు విప్పాలి, లేసుల బూట్లు వేసుకుంటే విసుగొస్తుంది, చలికాలంలో మందం సాక్సులు లేకపోతే ఆ చెక్కనేల మీద పాదాలు కొయ్యబారతాయి. ఫొటో వద్దన్న బోర్డుల్ని పట్టించుకోండి. బయట 538 రాతి విగ్రహాలు, బుద్ధుడి శిష్యులు, ఏ ఇద్దరి ముఖాలూ ఒకలా ఉండవు. ఒకాయన పక్కాయన చెవిలో ఏదో గుసగుసలాడుతుంటాడు, వెతకండి.

ఇంకో సంగతి, బట్టల కొట్లలో కవగోయే తోజాన్ అనే సన్నచారల నూలు గుడ్డ కనపడితే ఒక్క నిమిషం ఆగండి. తోజాన్ అనే మాట సాంతోమే నుంచి వచ్చింది, అంటే మన మద్రాసు సాంథోమ్. కోరమండల్ తీరం నుంచి ఓడల్లో వచ్చిన చారల గుడ్డలకి అక్కడ అంత గిరాకీ, ఆ రేవు పేరే గుడ్డ పేరైపోయింది. 1859లో యొకొహామా రేవు తెరిచాక నకజిమా క్యూహే అనే ఇక్కడి వ్యాపారి విదేశీ నూలు కొనుక్కొచ్చి అదే రకం గుడ్డ కవగోయేలో నేయించి చవగ్గా అమ్మాడు. ఇది తెలిసిన దగ్గర్నుంచి ఆ చారల్ని చూస్తే నాకు చిన్నప్పటి మద్రాసు లుంగీలే గుర్తొస్తున్నాయి.

అక్టోబరులో మూడో శని, ఆదివారాలు ఊరి ఉత్సవం, బొమ్మలు నిలబెట్టిన ఎత్తైన రథాలు వీధిలో తిరుగుతాయి, రెండు రథాలు ఎదురుపడితే ఆగి వాయిద్యాలతో పోటీ పడతాయి. 2016లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. ఆ రథాన్ని కూడా దాషి అనే అంటారు, పులుసుని అన్నట్టే. ఒక దాషిని వెతుక్కుంటూ పోవాలి, ఇంకో దాషి నుంచి తప్పించుకోవాలి. కానీ ఇళ్లు చూడ్డానికి వచ్చేవాళ్లు ఆ రెండు రోజులూ రావద్దు, రథం చూడ్డానికి వచ్చేవాళ్లు ఇళ్ల సంగతి మర్చిపోండి.

సాయంత్రం నడక

నాలుగున్నరకి మళ్లీ ఇచిబన్‌గాయ్ చేరండి, చలికాలమైతే మూడున్నరకే, అక్కడ పొద్దు తొందరగా గూకుతుంది. ఈసారి పడమటి పేవ్‌మెంట్ మీద నడుస్తూ తూర్పు వరసని చూడండి, ఎండ ఇప్పుడు దాని మీద ఉంటుంది. ఐదింటికి కొట్లు చాలావరకు కట్టేస్తారు, కాబట్టి ఏమన్నా కొనాలంటే అంతకు ముందే కొనేయండి. ఐదు దాటాక బస్సుల కొద్దీ వచ్చిన జనం ఎటు పోతారో తెలీదు, పావుగంటలో వీధి ఖాళీ. సరుకు లోపలికి పోయి, తలుపులు పడిపోయి, నల్లటి ఇళ్లు వాటంతట అవి నిలబడి ఉంటాయి. కొప్పులు ఆకాశం మీద నీడల్లా తెలుస్తాయి. నేను ఫోన్ జేబులో పెట్టేసేది ఇప్పుడే.

ఆరు గంటల మోత వినడానికి స్తంభం కిందే ఉండక్కర్లేదు, వీధిలో ఎక్కడున్నా వినపడుతుంది. అది విని మెల్లగా దక్షిణం వైపు నడుచుకుంటూ హోన్‌కవగోయే స్టేషన్‌కి వచ్చేయండి. రైళ్లు బయల్దేరేది అక్కడి నుంచే, అది చివరి స్టేషన్, కాబట్టి ఆరేడు కిలోమీటర్లు నడిచిన కాళ్లకి కూర్చునే చోటు దొరుకుతుంది.